గాలి మేస్త్రి అడిగిన ఖాళీ

నా చెవి సంగతి ముందు చెప్పాలి. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటారేమో, అనుకోండి. ఉన్న గొప్పను దాచుకుంటే అదీ ఒక అబద్ధమే. నేను చదివింది పల్లెటూరి బడిలో, ఎనిమిదో తరగతి దాకా. ఆ బడి గంట అంటే చూరుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అది ఏ స్వరంలో మోగుతుందో పట్టుకుని, ప్రార్థన గీతాన్ని సరిగ్గా ఆ శ్రుతిలో ఎత్తుకున్న పిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. ఒకరోజు అల్లరి చేశానని మా మాస్టారు చెవి మెలిపెట్టడానికి వచ్చి, "ఈ చెవి పాడైతే బడికి నష్టంరా" అని రెండో చెవి మెలిపెట్టి పోయాడు.

అక్కణ్ణుంచి నాటకాల స్టేజీ, స్టేజీ నుంచి రేడియో, రేడియో నుంచి టీవీ స్టూడియో. స్టూడియో మొత్తానికి ఒకటే మైకు ఉన్న రోజుల్లో ఆ మైకు పక్కన మొదట పెట్టింది నా హార్మోనియం పెట్టెనే. అందుకే అక్కడ నన్ను పెట్టె మాస్టారు అంటారు. బంగారు పతకాలున్నాయి, వెండి కప్పులున్నాయి, ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రాలున్నాయి. గోడ చాలక కొన్ని బీరువా మీదికెక్కాయి. "దుమ్ము తుడవలేక చస్తున్నాను. ఇంకో కప్పు తెచ్చావంటే అందులో నీళ్ళు పోసి పావురాలకు పెడతాను" అంటుంది మా ఆవిడ.

వీటన్నిటికన్నా పెద్ద బిరుదు నాకు ఒకటుంది. అది ఎవరూ ఇచ్చింది కాదు. తప్పు స్వరాన్ని ఒప్పని నేను ఇంతవరకు అనలేదు. ఒకసారి పాటల పోటీకి నన్ను జడ్జీగా కూర్చోబెట్టారు. పోటీ పెట్టించిన పెద్దమనిషి కూతురే శ్రుతి తప్పింది. తప్పిందనే చెప్పాను. మళ్ళీ ఆ కుర్చీలో నన్ను కూర్చోనివ్వలేదు. కుర్చీ పోతే పోయింది, చెవి మిగిలింది.

ఆ చెవికి ఈ వయసులో ఒక పరీక్ష వచ్చిపడింది. పోటీలో కాదు, స్టేజీ మీద కాదు. రెండు గదుల ఇంట్లో, ఒక మంచం పక్కన. అది చెప్పాలంటే మా గాలి మేస్త్రి కథ చెప్పాలి.

ఆ పేరు నేను పెట్టిందే. ఇటుకలతో గోడ కట్టేవాడు మేస్త్రి అయితే, గాలితో పాట కట్టేవాడు గాలి మేస్త్రి కాడా? మనిషి తన వేణువుకన్నా కాస్త లావు, అంతే. వేణువులన్నీ పాత గొడుగు గుడ్డతో కుట్టిన పొడుగాటి సంచిలో వేసుకుని వచ్చేవాడు. మండుటెండలో గొడుగు మోసుకొచ్చాడేమిటని కొత్తవాళ్ళు నవ్వేవారు. నోట్లో నాలుక లేని మనిషి. "నాలుకే ఉంటే నీకు వేణువెందుకురా" అని నేను ఏడిపిస్తే తల వంచుకుని నవ్వేవాడు. నన్ను అన్నా అంటాడు. నా తోడబుట్టినవాళ్ళు కూడా ఆ పిలుపును అంత మెత్తగా పిలవరు.

పెళ్ళికాని రోజుల్లో మేమిద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. ఇరుకు సందు, రెండువైపులా మేడలు. ఎదురింటివాళ్ళు తుమ్మితే మనం ముఖం తుడుచుకోవాలి, అంత ఇరుకు. ఎదురు మేడమీద ఇస్త్రీ కొట్టు. దాని యజమాని ఇస్త్రీపెట్టెకన్నా వేడి మనిషి. ఆయన కూతురు కిటికీ దగ్గర నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేసేది. మావాడు ఇటు కిటికీ దగ్గర కూర్చుని సాధన చేసేవాడు. సాధన అని పేరే గానీ, నేను విన్నంతవరకు అన్ని రోజులూ ఒకటే పాట.

సంగీతం రానివాళ్ళ కోసం ఇక్కడ ఒక్క ముక్క చెబుతాను. స నుంచి బయల్దేరి రి, గ, మ అంటూ ఎక్కుతూ పోయి, మళ్ళీ పై స మీద కాలు పెడితేనే చెవికి ఇల్లు చేరినట్టుంటుంది. దానికి ముందున్న ని మీద ఆగిపోతే గడపలో ఒక కాలు, వీధిలో ఒక కాలు పెట్టుకుని నిలబడ్డట్టే. మావాడు కావాలని ని మీద ఆపేవాడు. ఆపి, వేణువు దించి, ఎదురు చూసేవాడు. అవతల ఆ పిల్ల చొక్కా మడత మీద చెయ్యి ఆపి, తల ఎత్తకుండా, ఆ మిగిలిన స అనేది. పాడినట్టు కాదు, పెదవులు మూసి ముక్కుతో అన్నట్టు. పాట ఇల్లు చేరేది. వాళ్ళ నాన్నకు అది కూతురి కూనిరాగం. నాకు మాత్రం తెలుసు, అదొక మాట. స వినిపిస్తే సాయంత్రం బస్టాపు దగ్గర కనబడుతుందని అర్థం. వినిపించకపోతే ఇంట్లో ఏదో గొడవగా ఉంది, రావద్దని. స వినపడని రోజు మావాడు భోజనం ముట్టేవాడు కాదు. వాడి వాటా కూడా నేనే లాగించేవాణ్ణి. ఆ లెక్కన వాళ్ళ ప్రేమలో బాగుపడింది నేనే.

ఆ వేడిమనిషి చివరికి ఎలా ఒప్పుకున్నాడంటే, "పగలంతా నా కిటికీలోకి ఊదుతున్నాడు. పిల్లనిచ్చేస్తే వాడి కిటికీలోకి వాడు ఊదుకుంటాడు" అని. అలా ఆమె నాకు మరదలయింది, నేను ఆమెకు బావగారినయ్యాను.

ఎన్నో ఏళ్ళు గడిచాక మా స్టూడియోలో ఒక సీరియల్ మొదలైంది. మేడమీద వయొలిన్ నేర్చుకునే అమ్మాయి, కింద సైకిళ్ళు బాగుచేసే అబ్బాయి. కుర్ర డైరెక్టరు తెలివైనవాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, "అమ్మాయి మనసు వయొలిన్, అబ్బాయి మనసు వేణువు. వాళ్ళు నోటితో చెప్పరు, మీరు వాయించి చెప్పాలి. కానీ ఆ పాట పూర్తవకూడదు. పూర్తయితే ప్రేమ తేలిపోయినట్టే, జనం చూడరు" అన్నాడు. మేమంతా తలో బాణీ వాయించాం. నేను వాయించినవి చాలా బాగున్నాయి, ఆ మాట డైరెక్టరే అన్నాడు. కానీ అన్నీ పూర్తయిపోయాయన్నాడు. అప్పుడు మా మేస్త్రి మూలనుంచి మెల్లగా ఆ పాత పాట ఎత్తుకుని, ని మీద ఆపాడు. డైరెక్టరు లేచి నిలబడ్డాడు. "ఇదే! ఇలాగే వేలాడుతూ ఉండాలి!"

ఆ వేలాడే పాట కొన్నేళ్ళు ఊరిని వేలాడదీసింది. అబ్బాయి తలెత్తితే వేణువు, అమ్మాయి కిటికీలోకి వస్తే వయొలిన్, ఇద్దరి చూపులూ కలిస్తే పాట ని దాకా ఎక్కి ఆగడం, ఆ ఆగిన క్షణంలో సబ్బు ప్రకటన గావుకేక పెట్టి మీదపడడం. రోజూ ఇదే వరస.

మా మరదలు మొదటిరోజు చూసి నాకు ఫోను చేసింది. "చూశారా బావగారూ, మీ తమ్ముడు మా పాటను టీవీవాళ్ళకు అప్పగించేశాడు. అదీ తల తీసేసి!"

"తల నీ దగ్గరే ఉంది కదమ్మా" అన్నాను.

"అందుకే ఊరుకున్నాను" అని నవ్వింది.

అప్పట్నుంచి రోజూ ఆమె చేతిలో ఏ పనున్నా, టీవీలో పాట ని మీద ఆగగానే, సబ్బువాడు నోరు తెరిచేలోపు, వంటగదిలోంచి స వినిపించేది. నేను వాళ్ళింట్లో ఉండగా ఎన్నిసార్లు విన్నానో. అణువంత కూడా తప్పేది కాదు. ఈ మాట అంటున్నది నా చెవి.

తర్వాత ఒక ఉదయం ఆమె బట్టలు ఆరేస్తూ కూలబడిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేనాటికి చూపు ఉంది, మనుషుల్ని పోల్చుకోవడం ఉంది, కన్నీళ్ళున్నాయి. మాట లేదు. మాటలు నేర్పే ఆవిడ వచ్చి చూసి, "కొందరికి మాట రాకపోయినా పాట వస్తుంది. తెలిసిన పాటలు వినిపించండి. వస్తుందని నేను హామీ ఇవ్వలేను" అంది. ఉన్నమాట చెప్పింది.

మేస్త్రి వినిపించని పాట లేదు. ఎదురుగా కూర్చుని వాయిస్తే ఆమె అతని ముఖం చూసి ఏడ్చేది. పక్కగదిలోంచి వాయిస్తే తల తిప్పి అతని కోసం వెతికేది. ఫోనులో రికార్డు చేసి తలగడ పక్కన పెడితే, ఆ ఫోనును, అతన్నీ మార్చి మార్చి చూసి కళ్ళు మూసుకునేది. మనిషి మనిషే, మోసపోదు.

సంగతి కనిపెట్టింది ఎదురింటి దర్జీ ఆమె. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. మేస్త్రి స్టూడియోకు వెళ్ళే రోజుల్లో తన చేతిమిషను తెచ్చుకుని మరదలి మంచం పక్కనే కుట్టుకుంటూ కూర్చునేది. ఒక సాయంత్రం అతను ఇంటికి రాగానే గుమ్మంలోనే పట్టుకుంది.

"అన్నయ్యగారూ, సీరియల్‌లో మీ పాట వచ్చినప్పుడు వదిన పెదాలు దగ్గరికి చేరుతున్నాయి. నా కత్తెర మీద ఒట్టు!"

మర్నాడు నన్ను కూడా రమ్మన్నాడు. వెళ్ళాను. సాయంత్రం సీరియల్ వేళకు ఆ సందులో ప్రతి కిటికీలోంచీ అదే పాట. వాళ్ళ టీవీ కట్టేసినా ఎదురు కిటికీలనుంచి వచ్చిపడేది, అచ్చం ఆ పాతరోజుల్లో వచ్చినట్టే. పాట ని మీద ఆగింది. మరదలి పెదవులు చేరాయి. గొంతు దగ్గర ఒక నరం లేచింది. లోపల్నుంచి ఏదో బయల్దేరింది, నేను చూశాను. ఇంతలో "తెల్లదనం! తెల్లదనం!" అంటూ సబ్బువాడు పడ్డాడు. పెదవులు విడిపోయాయి. కళ్ళు మూసుకుంది.

"చూశావా అన్నా? వస్తోంది. కానీ ఇప్పుడు తనకు టైము పడుతుంది. వాళ్ళు ఆ టైము ఇవ్వడం లేదు." అన్నాడు మేస్త్రి.

రోజూ అదే. రోజూ ఆమె గడప దాకా రావడం, రోజూ ఆ సబ్బువాడు తలుపు వెయ్యడం. మేస్త్రి చిక్కి సగమయ్యాడు. మెట్లెక్కితే ఆయాసం, వాయిస్తే మధ్యలో దగ్గు. గాలి మేస్త్రికి గాలి తక్కువైందని స్టూడియోలో గుసగుసలు.

అప్పుడే పిడుగులాంటి కబురు. సీరియల్ అయిపోతోంది. ఆఖరి ఎపిసోడ్‌లో అమ్మాయి మెట్లు దిగి వీధిలోకి వస్తుంది, ఇద్దరూ కలుస్తారు, పాట స చేరుతుంది. ఆ తర్వాత ఆ కిటికీల్లోంచి ఆ పాట ఇక రాదు. వేరే సీరియల్, వేరే గోల.

రికార్డింగు రోజు మేస్త్రి డైరెక్టరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. జీవితంలో వాడు ఎవర్నీ ఏదీ అడగ్గా నేను చూడలేదు.

"సార్, ని మీద ఆపి కాస్త ఖాళీ వదలండి. ఆ తర్వాతే స."

"ఖాళీయా? మేస్త్రిగారూ, టీవీలో ఖాళీ ఉండకూడదండీ. ఖాళీ వస్తే జనం టీవీ పాడైందనుకుని దాని నెత్తిన కొడతారు."

"ఎంతో వద్దు సార్. మనిషి ఊపిరి తీసుకుని ఒక్క స్వరం అనేంత."

"ఏ మనిషి?"

వాడు తల వంచుకున్నాడు. డైరెక్టరు గడియారం చూసుకుని, "ఇన్నేళ్ళు జనాన్ని గుమ్మంలో నిలబెట్టాం. ఇప్పుడు కూడా లోపలికి పిలవకపోతే తంతారు. నేరుగా స కు వెళ్ళిపోండి. రెడీ!" అన్నాడు.

వేణువు ఎత్తాడు. పాట ఎక్కింది. ని మీద ఆగింది. స రాలేదు.

"మళ్ళీ!"

మళ్ళీ ఎక్కింది, మళ్ళీ అక్కడే ఆగింది. వయొలిన్ వాయించే ఆయన నావైపు చూశాడు. డైరెక్టరు ముఖం ఎర్రబడింది. "ఏమిటండీ ఇది! ఊపిరి చాలడం లేదా? చాలకపోతే చెప్పండి, కీబోర్డులో పెట్టిస్తాను."

"ఊపిరి ఉంది సార్" అన్నాడు వాడు. లేదు, నాకు తెలుసు. పెదవులు నీలంగా ఉన్నాయి. "ఆ స నాది కాదు. నేను ఎప్పుడూ వాయించలేదు. నాకు చేతకాదు."

నేను హార్మోనియం తిత్తి మూసి లేచాను. "అన్నా, చెప్పొద్దు" అన్నాడు వాడు. ఎందుకు చెప్పను? ఆ గదిలో మొదటి మైకు నాటినప్పుడు ఉన్నవాణ్ణి నేను. "బాబూ, నువ్వు పుట్టకముందునుంచి ఈ గదిలో గాలి పీలుస్తున్నాను, నాకో మాట చెప్పే హక్కుంది" అని మొదలుపెట్టి, ఇస్త్రీ కొట్టు నుంచి సబ్బువాడిదాకా అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ మావాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

డైరెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత, "నేను వదిలినా పైవాళ్ళు చూసి కోసేస్తారు మాస్టారూ. ఖాళీ కనిపిస్తే వాళ్ళ కత్తెర ఆగదు" అన్నాడు. గొంతులో కోపం లేదు.

అద్దం వెనకనుంచి రికార్డింగు అమ్మాయి మైకులో అంది. "సార్, అమ్మాయి మెట్లు దిగుతుంది కదా. సంగీతం ఆపేసి ఒట్టి అడుగుల చప్పుడు ఉంచుదాం. చప్పుడుంటే ఖాళీ అనరు."

"వీధిలో కాలు పెట్టాక?"

"అప్పుడు వయొలిన్ స అందుకుంటుంది. అమ్మాయి మనసు కదా, అమ్మాయే చేరాలి."

డైరెక్టరు మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు. "వాయించండి. ని దాకా చాలు." ఆ రోజు వాడు వాయించినట్టు నేను ఎవరూ వాయించగా వినలేదు. నేను విన్నవాళ్ళు తక్కువవాళ్ళు కారు. అయిపోయాక వాణ్ణి పట్టుకుని కిందికి దించాల్సి వచ్చింది.

ఆఖరి ఎపిసోడ్ సాయంత్రం. మంచం కిటికీవైపు జరిపాం. వాళ్ళ టీవీ కట్టేశాం, అవతలి కిటికీలే చాలు. మరదలి వెనక తలగడలు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాడు. దర్జీ ఆమె మిషను ఆపేసి, కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను నా పెట్టెతో సహా మంచం పక్కనే కూర్చోబెట్టాడు. "అన్నా, నాకు ఆశ ఎక్కువ. ఏ చప్పుడు విన్నా స అనే వినబడుతుంది. నువ్వు విను. నీ చెవి అబద్ధం చెప్పదు" అన్నాడు.

పాట వచ్చింది. సందంతా ఒకే పాట. వేణువు అడిగింది, వయొలిన్ దగ్గరికొచ్చింది, రెండూ కలిసి ఎక్కి, ని మీద ఆగాయి.

ఆగింది. నిజంగానే కొయ్యలేదు. సబ్బువాడు రాలేదు. ఇరవై కిటికీల్లోంచి ఒక ఆడపిల్ల మెట్లు దిగే చప్పుడు మాత్రం వస్తోంది. సందులో ఎవరూ దగ్గడం లేదు, పిల్లలు కూడా నోరు మూశారు. మరదలి పెదవులు చేరాయి. గొంతు దగ్గర నరం లేచింది. మావాడు మంచం కోడు పట్టుకుని, తన పెదవులు కూడా అలాగే మూసి, ఆమెకు తన ఊపిరి కూడా ఇచ్చేవాడిలా ముందుకు వంగిపోయాడు. అడుగుల చప్పుడు దిగుతోంది, దిగుతోంది.

చప్పుడు ఆగింది. వయొలిన్ స మీద కాలు పెట్టింది. సందంతా చప్పట్లు, ఈలలు. ఎదురు మేడమీద ఎవరో పళ్ళెం మోగించారు.

మావాడి తల మంచం మీదికి వాలిపోయింది. దర్జీ ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ గోల మధ్యలో, అందరూ అయిపోయిందనుకున్నాక, మరదలి గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. మూసిన పెదవుల వెనకనుంచి. అంతే, మళ్ళీ లేదు.

మావాడు ఎగిరిపడ్డాడు. "అన్నా! విన్నావా? అంది కదా?"

"అంది."

"స నే కదా? అన్నా, స నే కదా?" నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "స అయితే నా మాటకు జవాబిచ్చినట్టు. లోపల ఉన్నట్టు. కాకపోతే ఒట్టి మూలుగు. రోజంతా మూలుగుతూనే ఉంటుంది. చెప్పు, స నా?"

దర్జీ ఆమె వాడి వెనకనుంచి నాకు సైగ చేస్తోంది, అవునని చెప్పమని. తల గట్టిగా ఊపుతోంది. ఆమె తప్పేమీ లేదు. ఎవరైనా అదే చేస్తారు. కానీ నా మాట కోసం నన్ను అక్కడ కూర్చోబెట్టినవాడికి నేను చిల్లుపడ్డ మాట ఎలా ఇవ్వను? రేపు వాడు ఆ స మీద బతుకుతాడు. ఎల్లుండి అది కాదని తెలిసిననాడు ఎక్కడ పడతాడు?

"స కాదురా" అన్నాను.

వాడు నా చేతులు వదిలేశాడు. దర్జీ ఆమె తల ఊపడం ఆపేసింది. "మీకు గుండె ఉందా పెట్టె మాస్టారూ? పెట్టె ఒక్కటే ఉందా?" అంది పైకే.

నేను హార్మోనియం దగ్గరికి లాక్కుని, నా చెవిలో ఇంకా నిలిచి ఉన్న ఆ శబ్దాన్ని వెతికాను. దొరికింది. స కు బాగా కిందుగా, కింది ద స్వరం మీద. ఆ మెట్టు నొక్కి పట్టుకున్నాను.

"ఇదిగో, మరదలు అన్నది ఇది. వణికింది, కానీ జారలేదు, ఒకే చోట నిలబడింది. ఇది జవాబో మూలుగో చెప్పే చెవి నాకు లేదు. నా చెవికి స్వరం తెలుస్తుంది, మనసు తెలియదు. కానీ ఒకటి ఆలోచించు. మంచాన పడ్డ మనిషికి గొంతు దిగదా? నువ్వు ఇంకా ఆ పాత మేడమీద కిటికీ దగ్గరే నిలబడి పిలుస్తున్నావు. ఆమె కింది అంతస్తుకు దిగిపోయిందేమో. ఇప్పుడు ఆమె అనగలిగిన స ఇదేనేమో. ఎక్కణ్ణుంచి మొదలుపెడితే అదే కదరా స? ఈ మెట్టునే స చేసుకుని వాయించు. ఇక్కడికి నువ్వు రా."

వాడు చాలాసేపు ఆ మెట్టు వింటూ నిలబడ్డాడు. తర్వాత గొడుగు సంచి విప్పి, అన్నిటికన్నా పొడుగు వేణువు తీశాడు. కొన్నేళ్ళుగా ముట్టుకోని వేణువు. అంత పొడుగు దానికి వేళ్ళు బాగా చాపాలి, ఊపిరి రెట్టింపు కావాలి. ఉన్న ఊపిరి ఎంతో మనకు తెలుసు.

"మీ ఇంట్లోంచి వాయిస్తానమ్మా" అన్నాడు దర్జీ ఆమెతో. "ఎదురుగా."

అప్పటినుంచి రోజూ అదే వేళకు వాడు ఆయాసపడుతూ ఎదురింటి మెట్లెక్కుతాడు. నేను నా పెట్టెతో ఇటు మంచం పక్కన కూర్చుంటాను. కొత్త సీరియల్ గోల మొదలయ్యేలోపు అవతలి కిటికీలోంచి ఆ పాట వస్తుంది, ఇదివరకటికన్నా కిందుగా, మధ్యమధ్య చిరిగిపోతూ. ని మీద ఆగుతుంది. ఆగాక వాడి దగ్గు వినబడుతుంది. ఒకరోజు మరదలు కిటికీవైపు తల తిప్పుతుంది. ఒకరోజు తిప్పదు. శబ్దం మాత్రం మళ్ళీ రాలేదు. "రేపు ఒకవేళ ఇంకా కిందికి దిగితే? ఇంతకన్నా పొడుగు వేణువు నాకు లేదన్నా" అన్నాడు మొన్న.

నిన్న పాట ఆగేసరికి మరదలి పెదవులు చేరాయి. గొంతు దగ్గర నరం లేచింది. అప్పుడే కింద సందులో ఎవడో స్కూటరు స్టార్టు చేశాడు.

ఎదురు కిటికీలోంచి దర్జీ ఆమె సగం బయటికి వంగి అరిచింది. "ఆపరా దాన్ని! కనబడట్లేదా, ఇక్కడ మనిషి మాట్లాడబోతోంది!"

స్కూటరు ఆగింది. పక్కింట్లో టీవీ ఆగింది. ఆ పైన ఇంకోటి. కిటికీ తర్వాత కిటికీ, సందంతా నోరు మూసుకుంది. ఎదురుగా మావాడు వేణువు దించి, కిటికీ ఊచలకు ముఖం ఆనించి చూస్తున్నాడు. నా వేలు ఆ మెట్టు మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, పాట ఇల్లు చేరుతుంది, వాడు ఇంటికొచ్చి పడుకుంటాడు. ఇంత వాయించిన వేలు, ఇన్ని పతకాలు తెచ్చిన వేలు.

నొక్కలేదు. అది నాది కాదు. మరదలి గొంతునే చూస్తూ కూర్చున్నాను.